వెంపటి చినసత్యముగారి నాట్యబోధన

పాఠశాలల వార్షిక సంచికలలో ఉపాధ్యాయులను స్మరించుట ఆచారము. లెక్కలు చెప్పినవారిని, వ్యాకరణము చెప్పినవారిని పేరుపేరున తలచుకొందుము. నాట్యము చెప్పినవారిని ఉపాధ్యాయుల పంక్తిలో కూర్చుండబెట్టుట మాత్రము మనకింకను అలవడలేదు. "మా అమ్మాయి బడికి పోవుచున్నది, సాయంకాలము డ్యాన్సుకు కూడ పోవుచున్నది" అని తల్లులు చెప్పునప్పుడు ఆ "కూడ" అను చిన్నమాటలో ఎంతటి భేదబుద్ధి యిమిడియున్నదో గమనింపుడు. మన చెన్నపట్టణముననే ఆరు దశాబ్దములకు పైగా నివసించి, నాట్యము నేర్పుటయే జీవితముగా గడిపిన ఒక తెలుగు ఉపాధ్యాయుని గూర్చి యీ పాఠము వ్రాయుచున్నాను. వారు వెంపటి చినసత్యముగారు. 1929 అక్టోబరు 15వ తేదీన కృష్ణాజిల్లా కూచిపూడి గ్రామమున జన్మించి, 2012 జూలై 29వ తేదీన ఈ నగరముననే కన్నుమూసిరి. వారి జీవితకథకన్న వారి బోధనావిధానము తల్లిదండ్రులకు ఎక్కువ ఉపయోగపడునని నా తలంపు. కావున కథను త్వరగా చెప్పి, పాఠమువద్ద ఆగెదను.

ముందుగా ఒక మాటను గూర్చి చెప్పవలసియున్నది. చినసత్యముగారు కూర్చిన నృత్యనాటకములను మన ఆహ్వానపత్రికలలోను, వార్తాపత్రికలలోను "బ్యాలే" అని వ్రాయుట చిరకాలముగా వాడుక. ఈ మాట ఐరోపా ఖండమునుండి వచ్చినది. ఇటలీ దేశపు రాజాస్థానములలో అంకురించి, ఫ్రాన్సు దేశమున పెరిగిన నృత్యరీతికి ఆ పేరు. ఫ్రాన్సు ప్రభువగు పదునాలుగవ లూయీ 1661లో నృత్యమునకై ఒక రాజపరిషత్తును స్థాపించెను. నేటికిని ప్రపంచమున ఏ దేశమున బ్యాలే నేర్పినను అడుగుల పేర్లు ఫ్రెంచి భాషలోనే పలుకుదురు. జపాను బాలిక గాని, రష్యా బాలుడు గాని ఆ ఫ్రెంచి మాటలు విననిదే కాలు కదపరు. ఈ విషయమును మనస్సున నుంచుకొనుడు. మరల దీనితో పనిపడును.

బ్యాలే రష్యాలో ఉచ్చదశకు వచ్చినది. అచట అగ్రిప్పీనా వాగనోవా అను నర్తకి యుండెడిది. ఆమె 1879లో పుట్టినది. రంగస్థలమును విడిచిన పిమ్మట లెనిన్‌గ్రాడు నగరపు నృత్యపాఠశాలలో 1951లో తాను మరణించువరకు పాఠము చెప్పినది. ఆమె చేసిన పని యేమనగా, అంతకుముందు ఒక్కొక్క గురువు ఒక్కొక్క రీతిగా చెప్పుచుండిన అడుగులను పరిశీలించి, ఏది ముందు నేర్పవలెనో, ఏది తరువాత నేర్పవలెనో, ఏ యేట ఎంతవరకు నేర్పవలెనో ఒక క్రమమును నిర్ణయించుట. 1934లో ఆ క్రమమును గ్రంథముగా ప్రకటించినది. గలీనా ఉలనోవా వంటి విఖ్యాత నర్తకులు ఆమె శిష్యులు. 1957లో ఆ పాఠశాలకే ఆమె పేరు పెట్టిరి. ఒక ఉపాధ్యాయురాలి పేరు పాఠశాలకు పెట్టుట సామాన్యముగా జరుగునది కాదు. దాతల పేర్లు పెట్టుటయే లోకమున ఎక్కువ.

మద్రాసునకును బ్యాలేకును సంబంధము లేకపోలేదు. రష్యా నర్తకి అన్నా పావ్లోవా పరిచయమే రుక్మిణీదేవి అరండేలుగారిని నాట్యమువైపు త్రిప్పినది. ఆమె పావ్లోవా బృందమునకు చెందిన నర్తకివద్ద బ్యాలే అభ్యసించి, తరువాత మన దేశపు నాట్యమును నేర్చి, 1936లో కళాక్షేత్రమును స్థాపించిరి. పావ్లోవాతో కలిసి నర్తించిన ఉదయశంకరు తన "కల్పన" చిత్రమును ఈ నగరమందలి జెమినీ స్టూడియోలోనే నిర్మించెను. అది 1948లో వెలువడినది. చినసత్యముగారు అడుగిడునాటి మద్రాసు ఇట్టిది. నాట్యమును గూర్చి ఊరంతయు మాటలాడుకొనుచుండిన కాలమది.

ఇక కూచిపూడి సంగతి. క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ గ్రామమునకు సమీపమున నున్న యీ యూరిలో భాగవతుల కుటుంబములు తరతరములుగా నాట్యమును కాపాడుకొని వచ్చినవి. సిద్ధేంద్రయోగి వారికి భామాకలాపమును ప్రసాదించెనని ఐతిహ్యము. అందు నటించువారందరును పురుషులే. సత్యభామ వేషమును పురుషుడే ధరించును. తెర వెనుకనుండి పొడవైన జడను తెరమీదుగా ముందునకు వేసి సత్యభామ ప్రవేశించుటను చూచుటకై ఊళ్ళకు ఊళ్ళు తరలివచ్చెడివి. నటుడు తానే పాడును, తానే మాటలాడును, తానే ఆడును. ఒకచేత తాళములు పట్టి నడిపించు సూత్రధారుడు నడుమ నడుమ చమత్కారముగా ప్రశ్నలు వేయుచుండును. తెల్లవారువరకు ప్రదర్శనము సాగును.

అచట విద్య నేర్పు పద్ధతి యెట్లుండెడిదో తెలిసికొనిననే తరువాతి మార్పు అర్థమగును. భాగవతుల యింట పుట్టిన బాలుడు పెద్దల వెంట ఊరూర తిరుగుచు, చిన్న వేషముతో ప్రారంభించి, చూచి నేర్చుకొనుచు పోవును. విద్య వేషములో ఇమిడియుండెడిది. వేషమునుండి అడుగును విడదీసి చూపించు అవసరము వారికి కలుగలేదు. ఇంటి భాషను బిడ్డ నేర్చుకొనునట్లే ఆ నాట్యమును నేర్చుకొనెడివాడు. ఇంటిలో పుట్టినవానికి ఇది ఉత్తమమైన పద్ధతి. కాని బయటనుండి వచ్చినవారికి తలుపు ఎక్కడ నున్నదో తెలియదు. ఆడపిల్లలకు తలుపే లేదు.

చినసత్యముగారు ఆ యింటిలో పుట్టినవారే. తాడేపల్లి పేరయ్యశాస్త్రిగారివద్దను, వేదాంతము లక్ష్మీనారాయణశాస్త్రిగారివద్దను శిక్షణ పొందిరి. లక్ష్మీనారాయణశాస్త్రిగారు ఊరి కట్టుబాటులను దాటి స్త్రీలకు నాట్యము నేర్పినవారు. ఒంటరి నృత్యమునకు ప్రాముఖ్యము తెచ్చినవారు. గురువు తెరచిన కిటికీని శిష్యుడు తలుపుగా చేసెనని చెప్పవచ్చును. 1940వ దశకపు చివరి సంవత్సరములలో చినసత్యముగారు మద్రాసునకు వచ్చిరి. అన్నవరుస యైన వెంపటి పెదసత్యముగారు అప్పటికే సినిమాలలో నృత్యదర్శకులు. తమ్ముడు వారికి సహాయకుడుగా పనిచేసెను. తెలుగు సినిమాలన్నియు మద్రాసులో తయారగుచుండిన రోజులవి. ఆ పనిలోనే స్థిరపడినయెడల కొరత లేకుండ జీవింపగలిగియుండెడివారు. అయినను 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ అను సంస్థను నెలకొల్పి, బోధననే ప్రధానవృత్తిగా స్వీకరించిరి. ఆ సంస్థ తరువాత రాజా అణ్ణామలైపురమందలి గ్రీన్‌వేస్ రోడ్డులో స్థిరపడినది.

ఇచట గమనింపవలసినది మరియొకటి కలదు. 1953లో ఆంధ్రరాష్ట్రము వేరుపడినది. 1956లో హైదరాబాదు రాజధాని యైనది. కార్యాలయములు, పత్రికలు, పిదప సినిమా పరిశ్రమయు ఒక్కటొక్కటిగా ఈ నగరమును విడిచిపోయినవి. పోవువారికి కారణములు లేకపోలేదు. చినసత్యముగారు మాత్రము 2012 వరకు ఇచటనే యుండిరి. తెలుగు నేర్వదలచినవారు హైదరాబాదునకు పోవలెనుగాని మద్రాసునకు ఎందుకు వత్తురని తలచుకాలమున, ఆంధ్రదేశమునుండి ఆడపిల్లలు తెలుగు నాట్యము నేర్చుకొనుటకు మద్రాసునకు వచ్చుచుండిరి.

ఇప్పుడు పాఠమునకు వత్తము. చినసత్యముగారు చేసిన మొదటి పని అడుగును వేషమునుండి విడదీయుట. కూచిపూడి నాట్యమున పరచియున్న పాదవిన్యాసములను ఏరి, వానిని అడవులుగా వరుసపెట్టి, తేలికైనదానినుండి కఠినమైనదానికి మెట్లు కట్టిరి. వేషము కట్టకముందే విద్యార్థి ఈ మెట్లన్నియు ఎక్కవలెను. మోకాళ్ళు ఇరుప్రక్కలకు వంచి నిలుచు అరమండి స్థితి చెదరకూడదు. చేయి ఎంతవరకు చాపవలెనో అంతవరకే చాపవలెను; చూపు చేతిని అనుసరింపవలెను. ప్రతి అడవును మూడు కాలములలో సాధింపవలెను. మొదటి కాలమున ఒకమారు వేసిన అడుగును రెండవ కాలమున అంతే వ్యవధిలో రెండుమార్లు, మూడవ కాలమున నాలుగుమార్లు వేయవలెను. ఎక్కము వచ్చినవానికే గుణకారము చెప్పుదుము గదా! గుణకారము రానివానికి భిన్నములు చెప్పినచో పలక పగులునే గాని విద్య రాదు. నాట్యమున పలకకు బదులు మోకాలు పగులును.

వాగనోవా లెనిన్‌గ్రాడులో చేసిన పనియు, చినసత్యముగారు మద్రాసులో చేసిన పనియు ఒకే జాతివి. ఇంటివిద్యను బడివిద్యగా మార్చుటకు క్రమము కావలెను. ఆ క్రమము ఏర్పడిన పిదప ఏ యింట పుట్టినవారైనను వచ్చి నేర్చుకొనవచ్చును. ఇరువురును ఎవరి సంప్రదాయములో వారు, వేరువేరు ప్రయోజనములకై ఆ పని చేసిరి. ఒక భేదమును చెప్పవలెను. వాగనోవా వెనుక ప్రభుత్వపు పాఠశాల యుండెను. భవనము, జీతము, భోజనశాల యుండెను. అద్దెల ఊరిలో ఒక కళాకారుడు సంస్థను నిలుపుట వేరు సంగతి. నెలజీతము తీసికొను మావంటి ఉపాధ్యాయులకు ఆ కష్టము పూర్తిగా తెలియదు.

తాళమును గూర్చి కొంచెము నిలిచి చెప్పెదను, ఏలయనగా తల్లిదండ్రులు నాట్యమునకును చదువునకును పోటీ యున్నదని భావించుట ఇచటనే పొరపాటగును. ఆదితాళమునకు 8 క్రియలు. ఒక్కొక్క క్రియను నాలుగు సమభాగములు చేసినచో 32 మాత్రలగును. "త ధీ గి ణ తోం" అను సొల్లులో రెండవ అక్షరమును రెండు మాత్రలు సాగదీసినచో మొత్తము 6 మాత్రలు. దీనిని మూడుమార్లు పలుకుచు, నడుమ ఒక్కొక్క మాత్ర విరామ మిచ్చినచో 6, 1, 6, 1, 6 కలిసి 20 మాత్రలు. 32లో 20 తీసివేయగా 12 మిగులును. 12 మాత్రలనగా మూడు క్రియలు. కావున మూడు క్రియలు గడచిన పిమ్మట నాల్గవ క్రియతో ఎత్తుకొన్నచో, సొల్లు మూడవమారు పూర్తి యగుటయు, తాళము పూర్తి యగుటయు ఒక్కసారియే జరిగి, తరువాతి అడుగు సరిగా సమముపై పడును. ఇట్టి ముగింపును తీర్మానమందురు. మా యెనిమిదవ తరగతిలో ఈ లెక్కను నల్లబల్లపై వ్రాసి, ఎచట ఎత్తుకొనవలెనని అడిగితిని. నాట్యము నేర్చుచున్న ఇద్దరు బాలికలు చేతితో బల్లపై తట్టి తక్షణమే చెప్పిరి. తరగతిలో ప్రథముడగు బాలుడు కాగితము అడిగెను.

గురువు నట్టువాంగపు తాళములతో కూర్చుండి, నోటితో సొల్లుకట్టు పలుకుచు, కంటితో పదిమంది పాదములను చూచుచుండవలెను. ఒక్కని పాదము మాత్ర తప్పినను తాళము ఆగవలెను. పదిమందిని ఆపుటకు ధైర్యము కావలెను. ప్రతిమారు ఆపుటకు ఓర్పు కావలెను. ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి ఇందలి శ్రమ తెలియును. తప్పును చూచియు చూడనట్లు పోవుట అలసిన సాయంకాలమున ఎంత సులభమో కూడ తెలియును.

రెండవ మార్పు ఆడపిల్లలకు సంబంధించినది. కూచిపూడి భాగవతుల వంశమున పుట్టిన గురువు స్త్రీలకు నేర్పుటయేగాక, నృత్యనాటకములలో పురుషపాత్రలను సైతము వారిచేత ధరింపజేసిరి. పూర్వము పురుషుడు సత్యభామ యైన రంగమున ఇప్పుడు స్త్రీ శ్రీనివాసుడైనది. "శంకరాభరణము" చిత్రముద్వారా దేశమంతటికి తెలిసిన మంజుభార్గవిగారు ఆయన శిష్యురాలు. ఎత్తరి యగుటచేత నృత్యనాటకములలో పురుషపాత్రలు ఆమెకు చక్కగా అమరినవి. 1956లో అనకాపల్లిలో జన్మించిన శోభానాయుడుగారు చిన్ననాటనే వచ్చి గురువువద్ద శిక్షణ పొంది, సత్యభామగాను, పద్మావతిగాను, చండాలికగాను పేరు గాంచిరి. నాట్యము నేర్చుటకు ఇంటిలో అందరి సమ్మతి లేకున్నను తల్లి పట్టుదలతో ఆమెను ముందునకు నడిపించినదని చెప్పుదురు. శోభానాయుడుగారు పిమ్మట హైదరాబాదులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పి, 2020లో తాము మరణించువరకు బోధించిరి. 2001లో ఆమెకు పద్మశ్రీ లభించినది. శిష్యురాలు తిరిగి ఉపాధ్యాయురాలగుట ఏ బోధనకైనను గట్టి పరీక్ష. చినసత్యముగారి శిష్యులలో అట్లు బడులు పెట్టినవారు మన దేశమునను అమెరికాలోను అనేకులు కలరు.

నృత్యనాటకములను ఆయన ఒంటరిగా చేయలేదు. కావలిలో తెలుగు ఉపన్యాసకులగు ఎస్.వి. భుజంగరాయశర్మగారు సాహిత్యము వ్రాసిరి. ఘంటసాలగారికి చిరకాల సహచరులైన పట్రాయని సంగీతరావుగారు సంగీతము కూర్చిరి. సంగీతరావుగారు నూరేండ్లు జీవించి 2021లో స్వర్గస్థులైరి. శ్రీకృష్ణపారిజాతము, క్షీరసాగరమథనము, పద్మావతీ శ్రీనివాసము, హరవిలాసము, రుక్మిణీకల్యాణము మొదలగునవి ఇట్లు వెలసినవి. వానిలో "చండాలిక" నాకు ప్రత్యేకముగా తోచును. రవీంద్రనాథ ఠాగూరు వంగభాషలో వ్రాసిన కథ అది. అంటరానిదని త్రోసివేయబడిన బాలిక చేతినుండి బౌద్ధభిక్షువు నీరు గ్రహించుట అందలి మూలఘట్టము. దేవతల పరిణయములు ఆడుటకు అలవాటుపడిన సంప్రదాయములోనికి ఒక మంచినీటి కడవను తెచ్చుట చిన్న సాహసము కాదు. భాగవతుల యింట పుట్టిన బ్రాహ్మణ గురువు దానిని కూర్చుటను మన పిల్లలకు చెప్పదగును.

ఇందులో పోయినదేమియు లేదా? ఉన్నది. ఊరి భాగవతుడు పాడుచు, మాటలాడుచు ఆడెడివాడు. నగరపు నృత్యనాటకమున పాటగాండ్రు ప్రక్కన కూర్చుండి పాడుదురు; నర్తకి పెదవులు కదపుటతో సరిపెట్టుకొనును. రాత్రియంతయు సాగు కలాపము రెండు గంటలలో ముగియును. సూత్రధారుని హాస్యము కుదించుకొనిపోయినది. గీతలు శుభ్రపడినవిగాని మాట తగ్గినదని కొందరు విమర్శకులు అందురు. ఆ విమర్శలో సత్యము కలదని నా అభిప్రాయము. కాని మద్రాసు సభలలో రెండు గంటలకు మించి కూర్చుండు ప్రేక్షకులు లేరు. తెలుగు హాస్యము తెలియనివారే అందు సగము. ఏది వదలుకొనిననే ఏది నిలుచునో చూచి గురువు నిర్ణయించుకొనెనని తలచెదను. ఊరి సంప్రదాయమున వేదాంతము సత్యనారాయణశర్మగారు స్త్రీవేషమున సాటిలేనివారై సత్యభామను పోషించిరి. వారును 2012వ సంవత్సరముననే మరణించిరి. ఆ ఒక్క యేడు రెండు మార్గములును పెద్దలను కోల్పోయినవి.

మాట తగ్గినదను విషయముననే మన తల్లిదండ్రులతో నాకు పనియున్నది. పైన ఫ్రెంచి మాటలను గూర్చి మనస్సున నుంచుకొనుడని చెప్పితిని. బ్యాలేలో అడుగుల పేర్లే ఫ్రెంచి. ఆడువారు పాట పాడనక్కరలేదు, ఫ్రెంచి రానివారికి లోటులేదు. కూచిపూడిలో అట్లు కాదు. దరువులు, పదములు, శబ్దములు చాలవరకు తెలుగు సాహిత్యముతో నిండియున్నవి. అర్థము తెలియనిచో అభినయమునకు ఆధారము లేదు. మన నగరమున ఎన్నో ఇండ్లలో పిల్లలు తెలుగు మాటలాడుదురుగాని చదువలేరు. వారు నాట్యపు పాటలను తమిళ లిపిలోనో, ఇంగ్లీషు లిపిలోనో వ్రాసికొని కంఠస్థము చేయుదురు. తమిళ లిపి తమిళమునకు చక్కగా సరిపోవును; ఆ భాష స్వభావమునుబట్టి క, ఖ, గ, ఘ లకు అందు ఒకటే అక్షరము; ప, ఫ, బ, భ లకును ఒకటే. ఆ లిపిలో వ్రాసికొన్న తెలుగు పాటలో "బాల" అన్నను, "పాల" అన్నను ఒకటే రూపము. "గానము" కోయిలది, "కానము" అనగా చూడము అని అర్థము. "దారి" వేరు, "తారి" వేరు. ఇక "భామ" అను మాటను ఆ లిపిలో చూచి చదివిన బాలిక "పామ" అనును. ఎదుట కూర్చున్న తెలుగువారు పామును తలచుకొందురు! సత్యభామకు కోపము వచ్చుటకు కృష్ణుడు చేసిన అపరాధము చాలదా?

ఒక బాలిక దశావతారముల నాట్యమును ముచ్చటగా ఆడినది. "ఇందు కూర్మమనగా నేమి?" అని అడిగితిని. "మూడవ అడవు తరువాత వచ్చునది" అని చెప్పినది. ఆమె వంచిన వ్రేళ్ళలో తాబేలు స్పష్టముగా నున్నది. మాటలో మాత్రము లేదు. తప్పు బాలికది కాదు. నాట్యగురువుది కూడ కాదు. ఆమెకు వారమునకు రెండు గంటలు మాత్రమే చేతిలో నున్నవి, అందు పాదములు దిద్దుటకే కాలము చాలదు. మాట నేర్పవలసిన స్థలములు ఇల్లును, బడియు.

నాట్యము నేర్పింపదలచినవారికి మరి రెండు మాటలు. పిల్లను చేర్చుటకు ముందు తరగతికి పోయి, ఒక మూల కూర్చుండి గంటసేపు చూడుడు. నేల ఎట్లున్నదో చూడుడు. గట్టి సిమెంటు నేలపై ఏండ్లతరబడి పాదము కొట్టినచో మోకాళ్ళకును, మడమలకును హాని. గురువు తప్పును ఆపి దిద్దుచున్నారో, పాటను నడిపించి పంపుచున్నారో గమనింపుడు. మొదటి సంవత్సరముననే పాట మొదలిడి, వేదిక ఎక్కింతుమని మాట యిచ్చువారివద్ద అడవులు నిలువవు. రంగప్రవేశమునకు పెండ్లికైనంత వ్యయము చేయు వాడుక ఇటీవల ప్రబలినది. పట్టుచీరలకు, భోజనములకు, ఛాయాచిత్రములకు పోసిన ధనములో పదియవ వంతు గురువునకు చేరుచున్నదా యని నాకు సందేహము. అప్పుచేసి రంగప్రవేశము చేయించి, మరునాటినుండి గజ్జెలను పెట్టెలో పెట్టించిన తండ్రులను ఎరుగుదును. నెలజీతమును మాత్రము మూడు నెలలకొకమారు గుర్తుచేయించుకొని యిచ్చువారు మనలో తక్కువగా లేరు.

చినసత్యముగారికి 1967లో సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1998లో పద్మభూషణము లభించినవి. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా నర్తకులు ఒకే ఆవరణమున, ఒకే సమయమున, ఆయన కూర్చిన హిందోళ తిల్లానను ఆడిరి. అప్పటికి ఆయన వయస్సు 81. వేరువేరు ఊళ్ళనుండి, వేరువేరు దేశములనుండి వచ్చి, వేరువేరు గురువులవద్ద నేర్చినవారు ఒక్కటిగా అడుగు వేయగలిగిరన్నచో, అందుకు ఆ యడుగునకు ఒక క్రమము ఏర్పడియుండుటయే కారణము. తిల్లానలో సాహిత్యము స్వల్పము, సొల్లులే ఎక్కువ. భాష రానివారును ఆడగలరు. దరువు అట్లు కాదు.

అందుచేత ఈ సంవత్సరము జూలై నెలనుండి ప్రతి శనివారము ఉదయము 10 గంటలకు మన పాఠశాలలో ఒక తరగతి నడుపుటకు నిశ్చయించితిమి. ఎచ్చట, ఎవరివద్ద నాట్యము నేర్చుచున్న పిల్లలైనను రావచ్చును. మన పాఠశాల విద్యార్థులే కానక్కరలేదు. తాము ఆడుచున్న పాటను, ఏ లిపిలో వ్రాసికొన్నను, తెచ్చుకొనవలెను. దానిని తెలుగు లిపిలో తిరిగి వ్రాయించి, పదము పదమునకు అర్థము చెప్పి, ఒత్తులతో పలికింతుము. రుసుము లేదు. నూరు పుటల నోటు పుస్తకమొకటి, పెన్సిలు ఒకటి చాలును. తల్లులు కూడ కూర్చుండవచ్చును. తెలుగు చదువుట మరచినవారికి వెనుక బల్లలు ప్రత్యేకించియున్నవి.